దెయ్యం దోసెకి రంగు డబ్బాతో పనేంది?

సంపాదకులు గారికి నమస్కారాలు.

హాలోవీన్ పేరుతో బళ్ళల్లో, అపార్టుమెంట్లలో పిల్లలకి దెయ్యాల వేషాలు వేసి, దెయ్యాల వంటలు పెట్టడం మన సంస్కృతికి చేటు అనీ, దాన్ని వెంటనే మాన్పించాలనీ ఈమధ్య మీ ఉత్తరాల పేజీలో ఒకాయన రాశారు. ఆయన కోపంలో సగం నాకూ ఉంది. పేచీ అంతా మిగతా సగంతోనే. నేను కావలిలో ఇంటి దగ్గరే వండి క్యారేజీలు పంపుతాను, పుట్టినరోజులకీ చిన్న చిన్న ఫంక్షన్లకీ ఆర్డర్లు తీసుకుంటాను. అక్టోబరు నెలాఖరు వచ్చిందంటే ఈ దెయ్యాల గోల ముందుగా చేరేది నా పొయ్యి దగ్గరికే. అందుకని రాస్తున్నాను.

ఆ గోల ఎట్టా మొదలవుతుందంటే, రాత్రి తొమ్మిది దాటాక బడి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడుతుంది. రేపు పిల్లలందరూ 'స్పూకీ టిఫిన్', అంటే చూస్తే భయమేసే టిఫిన్, తెచ్చుకోవాలి, బాగున్న డబ్బాకి ప్రైజు అని. ఆ నిమిషం నుంచి తల్లులకి టెన్షన్, నాకు ఫోన్లు. "అక్కా, పొద్దున ఏడున్నరకల్లా దెయ్యం లాగా ఏదో ఒకటి చేసిపెట్టక్కా, నీకు పుణ్యం ఉంటది" అంటారు. పుణ్యం సంగతి తర్వాత, ఆ వేళకి నానబోసిన పప్పు ఉండదు, రుబ్బిన పిండి ఉండదు. చివరికి బేకరీ షట్టర్ దించేలోగా పరిగెత్తి, నల్ల క్రీము పూసిన కేకు ముక్కలు తెచ్చుకుంటారు. అది తిన్న పిల్లలకి నాలుక నలుపు, పెదాలు నలుపు, యూనిఫారం జేబు నలుపు. మర్నాడు పిల్లాడు దొడ్డికి వెళ్ళిన రంగు చూసి హడలిపోయి డాక్టరు దగ్గరికి ఎత్తుకుపోయిన తల్లి మా వీధిలోనే ఉంది. పోనీ ప్రైజు ఎవరికన్నా ఇంట్లో చేసుకొచ్చినవాళ్ళకి ఇస్తారా అంటే అదీ లేదు. ఎవరి డబ్బా ఖరీదుగా కనిపిస్తే వాళ్ళకే. ఉత్తరం రాసినాయన కోపంలో నేను పంచుకునే సగం ఇదీ.

ఇక దెయ్యం మనది కాదన్న మాట. అది మాత్రం నేను ఒప్పుకోను. రాత్రిపూట చింతచెట్టు కిందగా పోవాలంటే ఆంజనేయ దండకం అందుకునే ఊళ్ళు మనవి. కొరివి దెయ్యం పేరు ఎత్తకుండా అన్నం ముద్దలు తినిపించిన అవ్వ ఉందా? ఒకప్పుడు ఇంటింటి తలుపు మీదా బొగ్గుతోనో సుద్దముక్కతోనో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకుని పడుకున్న జనం మనం. అది చదివి దెయ్యం రోజూ వెనక్కి తిరిగి పోవాలన్నమాట. పాపం దానికి చదువొచ్చు గానీ తెలివి లేదు. కట్టుబడిలో ఉన్న ఏ ఇంటిముందు చూసినా బూడిద గుమ్మడికాయకి కోరమీసాలు, మిడిగుడ్లు, బయటికి వేలాడే ఎర్ర నాలిక గీసి కట్టి ఉంటారు. మిరప చేలో కుండ తలకి సున్నం బొట్లు పెట్టి నిలబెట్టే దిష్టిబొమ్మ సరేసరి. అమెరికావాళ్ళు గుమ్మడికాయకి కళ్ళూ పళ్ళూ చెక్కి లోపల దీపం పెట్టి గుమ్మం ముందు కూర్చోబెడతారు, మనం గుమ్మం పైన వేలాడదీస్తాం.

ఆర్డర్లు తీసుకునేదాన్ని కదా, ఆ హాలోవీన్ పండుగ సంగతి కూడా కొంత తెలుసుకుని పెట్టుకున్నాను. అక్టోబరు 31 రాత్రి చేస్తారు. మర్నాడు నవంబరు 1 క్రైస్తవులకి సకల పునీతుల పండుగ, 2న పోయినవాళ్ళ ఆత్మల కోసం ప్రార్థనలు. ఐర్లండు వైపు అంతకు ముందు నుంచే, పంటలు ఇంటికొచ్చి చలికాలం మొదలయ్యే ఆ రాత్రి పోయినవాళ్ళు తిరిగొస్తారని నమ్మేవాళ్ళు. పెద్దల్ని తలుచుకుని మహాలయ అమావాస్యకి కాకులకి ముద్దలు పెట్టే మనకి అది వింతగా తోచే నమ్మకం కాదు. అప్పట్లో వాళ్ళు మొహాలు చెక్కింది గుమ్మడికాయలకి కూడా కాదు, టర్నిప్ అనే దుంపలకి. 1845 నుంచి బంగాళాదుంప పైరు కుళ్ళిపోయి కరువొచ్చి ఐరిష్‌వాళ్ళు లక్షల్లో అమెరికాకి వలసపోయారు. అక్కడ పెద్ద పెద్ద గుమ్మడికాయలు, చెక్కడానికి తేలిగ్గా దొరికేసరికి దుంపలు పోయి కాయలొచ్చాయి. అమెరికా బాప్టిస్టు మిషనువాళ్ళు 1840లోనే నెల్లూరు వచ్చారు. బళ్ళు పెట్టారు, ఆసుపత్రులు పెట్టారు, ఈ దెయ్యాల పండుగని మాత్రం తేలేదు. దాన్ని తెచ్చింది మన పిల్లలే, డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో.

హాలోవీన్ రోజు ఐర్లండులో బార్మ్‌బ్రాక్ అని ఎండుద్రాక్ష వేసిన రొట్టె చేస్తారట. పిండిలో ఒక ఉంగరం దాచిపెడతారు. ఎవరి ముక్కలో వస్తే ఆ ఏడాది వాళ్ళకి పెళ్ళి. ఇది తెలిసిన రోజు నాకు నవ్వు ఆగలేదు. నెల్లూరు రొట్టెల పండుగలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళల్లో నిలబడి పెళ్ళి రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె అని అడిగి పుచ్చుకునే జనానికి ఆ ఐరిష్ రొట్టె గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. పిల్లల ముద్దలో ఉంగరం పెట్టడం మాత్రం నాకు భయం, మింగితే ఎవరిది పూచీ? అందుకని నేను పులిబొంగరాలు వేసేటప్పుడు ఒక్కదాంట్లో జీడిపప్పు పలుకు దాస్తాను. అది ఎవరికి తగిలితే వాళ్ళు ఆ పూట గిన్నెలు ఎత్తక్కర్లేదు. పెళ్ళికంటే దానికే పోటీ ఎక్కువ.

మన జిల్లాలో అక్టోబరు ఆఖరంటే ముసురు. 2025లో మొంథా తుపాను అక్టోబరు 28 రాత్రి తీరం దాటింది. ఆ వారం బళ్ళకి సెలవులు, నా ఆర్డర్లన్నీ క్యాన్సిల్, వీధిలో మోకాలెత్తు నీళ్ళు. రెండో తరగతి చదివే మా మనవరాలు దెయ్యం వేషం వేసుకునే యోగం పోయిందని మొహం వేలాడేసుకుని కూర్చుంది. ఇంట్లో దోసె పిండి ఉంది, గ్యాసు ఉంది, కరెంటు లేదు. దెయ్యాల భోజనానికి ఇంతకన్నా ఏం కావాలి?

దెయ్యం దోసె ఎవరైనా వేయొచ్చు. పిండి మామూలు దోసెకంటే ఒక పిసరు గట్టిగా ఉండాలి. పెనం మరీ కాలకుండా సెగ తగ్గించి, గరిటెడు పిండి పోసి రూపాయి బిళ్ళకి నాలుగింతలు తల తిప్పాలి. గరిటె ఎత్తకుండా అక్కణ్ణించే కిందికి లాగాలి. చివర అంచు వంకరటింకరగా వదిలేయాలి, సరిచేయబోతే దెయ్యం కాస్తా కొబ్బరిబొండాం అవుతుంది. కాలాక మందుసీసా మూతతో నొక్కితే గుండ్రంగా రెండు కళ్ళు ఊడొస్తాయి. ఇక్కడే ఉంది అసలు కిటుకు. ముందు పళ్ళెంలో ఎర్ర కారం పలచగా పూసి, దాని మీద ఈ దోసె పరవాలి. కళ్ళల్లోంచి ఎర్రగా తొంగి చూస్తుంది. నెల్లూరు కారం దోసెకి వేసే కారమే, నానబెట్టిన ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు వేసి నూరింది. పిల్లలకైతే దాని బదులు టమాటా పచ్చడి. చీకట్లో ఎమర్జెన్సీ లైటు పక్కగా పెట్టేసరికి మా పిల్ల కెవ్వుమంది. వెంటనే తేరుకుని, "అమ్మమ్మా, దీనికి కాళ్ళు లేవేంది?" అని అడిగింది. దెయ్యం కాళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయి, నీకు కనపడవులే అన్నాను. దోసె తిరగేసి చూసింది.

వేళ్ళు ఇంకా తేలిక. ఉండ్రాళ్ళకి చేసినట్టే నీళ్ళు మరిగించి ఉప్పు, చెంచాడు నూనె వేసి బియ్యప్పిండి పోసి ఉడకబెట్టి, చెయ్యి పట్టే వేడిలో మెత్తగా మర్దించాలి. ఆ ముద్దని వేలంత లావున తాల్చి, చాకు వెనక వైపుతో కణుపుల దగ్గర మూడు మూడు గీతలు పెట్టాలి. కొసన బాదం బద్దని గోరులా అదమాలి. పొట్టు తీసిన బాదం పెడితే శుభ్రమైన గోరు, పొట్టుతో పెడితే మట్టి పట్టిన గోరు. మా పిల్లలు మట్టి గోరుకే ఓటేశారు. ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు ఆవిరి పట్టి, తెగిన వైపు టమాటా పచ్చడిలో ముంచి పళ్ళెంలో వరసగా పేరిస్తే, మా ఇంటికి గ్యాసు బండ తెచ్చిన అబ్బాయి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇందులో ఒక్క బొట్టు రంగు లేదు. బడికి పంపినా మధ్యాహ్నానికి పాడవదు.

గుడ్లయితే ఉడికించాక పెంకు తీయకుండా చెంచా వీపుతో చుట్టూ చిన్నగా పగలగొట్టాలి. బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళల్లో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే, పొద్దున పెంకు ఒలిచేసరికి తెల్ల గుడ్డు మీద ఎర్ర సాలెగూడు దిగి ఉంటుంది. పగుళ్ళు ఎంత సన్నంగా పడితే అంత అందం. ఈ పని పిల్లల చేతే చేయించాలి, పగలగొట్టమంటే వాళ్ళకంటే మొనగాళ్ళు లేరు.

మంత్రగత్తె కషాయానికి శంఖపుష్పాలు చాలు. ఏ గుడి ప్రహరీకో అల్లుకుని ఉంటాయి, అడిగి కోసుకోండి. గుప్పెడు నీలం పూలు కడిగి వేడినీళ్ళల్లో వేస్తే నీళ్ళు నీలమవుతాయి. వడకట్టి, చక్కెర కలిపి, పిల్లల ఎదురుగా పొదలకూరు నిమ్మకాయ పిండండి. కళ్ళముందే నీలం ఊదాగా మారిపోతుంది. పులుపు తగిలితే రంగు మారడం ఆ పూల గుణం, సైన్సు టీచర్లు ఈ ముక్క పట్టుకుని ఒక పాఠమే చెప్పొచ్చు.

పెద్దవాళ్ళకి వేరే దెయ్యం ఎందుకు, బొమ్మిడాయిలు ఉండగా? పామల్లే మెలికలు తిరుగుతూ, వీపున ముళ్ళతో, గల్లుప్పు వేసి రుద్దుతుంటే చేతిలోంచి జారిపోయే ఆ చేపని చూసి మా కోడలు ఇప్పటికీ వంటింట్లోంచి పారిపోతుంది. మట్టి దాకలో, చింతపండు పులుసులో, మామిడికాయ ముక్క దొరికితే అదీ వేసి, ఉదయగిరి చెక్క గరిటె ఒకటి దాకలో నిలబెట్టి బల్ల మీద పెట్టండి. ముందురోజు వండి మర్నాడు పెడితే ఇంకా రుచి. భయపడ్డవాళ్ళు కూడా రెండోసారి వడ్డించమంటారు.

ఇక చెయ్యకూడనివి. ఈ మాటలు మీ పత్రిక కాస్త పెద్ద అక్షరాల్లో వేస్తే బాగుంటుంది. పొగ రావాలని కొందరు డ్రై ఐస్ అడుగుతున్నారు. అది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, సున్నాకి కింద 78 డిగ్రీల చలి. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో ఒక హోటల్లో భోజనం అయ్యాక నోటి శుభ్రానికని ఇచ్చినదాంట్లో అది ఉండి, తిన్న ఐదుగురు రక్తం కక్కుకుని ఆసుపత్రి పాలయ్యారు. పిల్లల గ్లాసుల్లో దాన్ని వేయమంటే నేను వేయను. పొగే కావాలంటే సాంబ్రాణి వేసుకోండి, ముసురు రోజుల్లో దోమలు కూడా పోతాయి. రంగుల సంగతి కూడా అంతే. బట్టలకి వాడే రోడమిన్-బి అనే రంగు తినే వస్తువుల్లో వాడుతున్నారని 2024లో తమిళనాడు రంగు పీచుమిఠాయి అమ్మకాలు ఆపించింది, తర్వాత నెలలో కర్ణాటక పీచుమిఠాయితోపాటు గోబీ మంచూరియాలోనూ రంగులు నిషేధించింది. విడిగా కాగితం పొట్లంలో అమ్మే ఎరుపు ఏ రంగో మనకేం తెలుసు? నెత్తురు ఒలికినట్టు గుమ్మంలో కనపడాలంటే పసుపు నీళ్ళల్లో ఇంత సున్నం కలపండి, దిష్టి తీసే ఎర్రనీళ్ళు అవే. తాగకుండా మాత్రం పిల్లల్ని చూసుకోవాలి. ఐదేళ్ళలోపు పిల్లలుంటే కళ్ళకని నల్ల ద్రాక్ష గుండుగా పెట్టొద్దు, గొంతుకి అడ్డం పడుతుంది, నిలువునా నాలుగు ముక్కలు కోసి పెట్టండి. వేరుశనగ గుళ్ళు కూడా గుండుగా పెట్టొద్దు.

ఇంకొకటి ఉంది, ఇది నా సొంత పట్టింపు అనుకున్నా సరే. కేకు మీద సమాధి రాళ్ళు, సిలువలు పెట్టి చేసే ఆర్డర్లు నేను తీసుకోను. నవంబరు 2న మా ఊళ్ళో ఎంతోమంది సమాధుల తోటకి పోయి, గడ్డి పీకి, తమవాళ్ళ సమాధులకి సున్నం కొట్టి, చామంతులు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. నా దగ్గర క్యారేజీ తీసుకునే ఒకావిడ ఆ రోజు తన కొడుకు సమాధి దగ్గర పొద్దుపోయేదాకా కూర్చుని వస్తుంది. దానికి రెండు రోజుల ముందు అదే వీధిలో సమాధి కేకు పెట్టి చాకుతో కోసి కేరింతలు కొట్టడం నాకు మనసొప్పదు. దెయ్యాన్ని ఎంతైనా ఎగతాళి చేయండి, అది ఎవరి ఇంటి మనిషీ కాదు. సమాధి అట్టా కాదు.

అందుకని మాన్పించమన్న పెద్దమనిషితో నేను ఏకీభవించలేకపోతున్నాను. పిల్లలు భయపడుతూ నవ్వుకునే ఒక్క రాత్రి ఉంటే మన సంస్కృతికి వచ్చే లోటు లేదు. బడుల యాజమాన్యాలకి మాత్రం నా విన్నపం ఉంది. చెప్పేదేదో వారం ముందు చెప్పండి. ముందురోజు రాత్రి తొమ్మిదికి కాదు. కొన్నది వద్దు, ఇంట్లో పిల్లలు చేయి పెట్టిందే తెమ్మని రాయండి. ప్రైజు ఇవ్వాలనిపిస్తే "నువ్వేం చేశావు, ఎట్టా చేశావు?" అని పిల్లని అడిగి ఇవ్వండి. వాళ్ళ నోట వినండి, ఎవరు చేసిందో అర నిమిషంలో తెలిసిపోతుంది. తేలేని పిల్లలుంటే బడిలోనే ఇడ్లీలు తెప్పించి, ఒక్కొక్కరికీ రెండేసి నల్ల ద్రాక్ష ముక్కలు, కాస్త పచ్చడి ఇచ్చి దెయ్యం మొహాలు దిద్దుకోమనండి. అందరి దెయ్యాలూ ఒకే ఇడ్లీ మీద లేస్తే పెద్ద చిన్న తేడా ఉండదు.

గుమ్మడికాయలు చెక్కేవాళ్ళకి చివరగా ఒక మాట. మా వీధి చెత్తబండిలో కిందటేడు కుప్పగా చూశాను, అందుకే చెబుతున్నాను. తీపి గుమ్మడికాయ లోపల గీకి తీసిన గుజ్జు దీపం పెట్టకముందే గిన్నెలోకి తీసుకోండి. ఉల్లిపాయలు, ములక్కాడ ముక్కలు, రెండు పచ్చిమిరపకాయలు వేసి ఉడికించి, చింతపండు పులుసు పోసి, నిమ్మకాయంత బెల్లం వేసి, దించేముందు చెంచాడు బియ్యప్పిండి నీళ్ళల్లో కలిపి పోస్తే చిక్కగా వస్తుంది. ఇంగువ తాలింపు పెట్టండి. గింజలు పారేయకుండా కడిగి, ఎండ వచ్చినప్పుడు ఆరబెట్టి, ఉప్పు కారం చల్లి వేయించుకుంటే సాయంత్రం టీలోకి పనికొస్తాయి.

ఇట్లు,
ఇంటి క్యారేజీలు పంపే ఒక పాఠకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా